ఎడమ వైపు చిరుగు

లాస్ ఏంజెలెస్,
ఆగస్టు చివర.

అక్కా,

ముందు మంచి వార్త. వేషం దొరికింది. ఈసారి గుంపులో నిలబడి పిడికిలి ఊపే వేషం కాదు. మాటలున్నాయి, పోస్టరు మీద పేరు కూడా పడుతుందట. అక్షరాలు చీమలంత ఉన్నా పేరు పేరే కదా. ఇక చెడ్డ వార్త నువ్వీపాటికే పసిగట్టి ఉంటావు. అది యేసు సినిమా, వచ్చే ఈస్టర్‌కి విడుదల. నాది యేసుకి మరణశిక్ష కోరే యూదుల ప్రధాన యాజకుడి వేషం.

ఆ మందుల షాపు కౌంటరు వెనక నిలబడి "మళ్లీనా, వీడి మొహం మండ!" అని నువ్వు నుదురు కొట్టుకోవడం నాకిక్కడికి వినిపిస్తోంది. అవును, మళ్లీనే. ఈ ఊరొచ్చిన దగ్గర్నుంచి గుళ్లో డబ్బు మార్చేవాడిగా వేశాను, వడ్డీ వ్యాపారిగా వేశాను, రాళ్లు రువ్వేవాడిగా వేశాను. నాకంటే ముందు నా పొడుగు యూదు ముక్కుకి ఉద్యోగం దొరికింది. ఇప్పుడు దానికి ప్రమోషను వచ్చింది.

ఇక్కడి పద్ధతి చెబుతాను, నవ్వుకో. బట్టల గదిలో రెండు దండేలున్నాయి. ఒకదాని మీద మంచివాళ్ల బట్టలు, తెల్లగా, సాదాగా. రెండో దాని మీద చెడ్డవాళ్లవి. నల్ల చారల ప్రార్థన శాలువాలు, కుచ్చులతో సహా, అన్నీ మన నాన్న కప్పుకునే లాంటివే. పుట్టుకతో యూదులే అయినా యేసుకి గానీ శిష్యులకి గానీ ఒక్క కుచ్చు లేదు. పన్నెండు మందీ గోధుమ చేలోంచి నడిచొచ్చినట్టుంటారు. యేసు వేసే కుర్రాడు నిజంగానే నెబ్రాస్కా రైతుబిడ్డ. బుద్ధిమంతుడు. గుడి గోడ మీద హీబ్రూ అక్షరాలు కావాలంటే రంగులు వేసేవాడు ఏ అంగడి బోర్డో చూసి పెద్దపెద్దగా దించేశాడు. దగ్గరికెళ్లి చదివాను కదా, "శుద్ధమైన కోడిమాంసం, ముక్కలు కోసి ఇవ్వబడును" అని ఉంది. యెరూషలేము దేవాలయం ముఖద్వారం మీద! నేనెవరికీ చెప్పలేదు. ఈ సినిమా మొత్తంలో అబద్ధం కానిది అదొక్కటే.

అసలు సంగతికి వస్తాను. యేసు మాట విని యాజకుడు కోపంతో బట్టలు చింపుకోవాలి. అదే నా పెద్ద సీను. డైరెక్టరు హాల్వర్‌సన్ పాస్టరు గారబ్బాయి. అన్నీ ఉన్నదున్నట్టు ఉండాలంటాడు. "మీవాళ్లు ఎలా చింపుకుంటారు?" అని నన్నడిగాడు. ఊళ్లో ఏ ఇంట చావు జరిగినా చిన్న కత్తి జేబులో వేసుకుని వెళ్లి, ఏడుస్తున్నవాళ్ల కాలరుకి మొదటి గాటు పెట్టి, "ఇక నువ్వు చింపు నాయనా" అనేవాడి కొడుకుని నేను. అయినా సరిగ్గా చెప్పలేకపోయాను. నువ్వు నాన్నని అడిగి రాయి. నా పేరెత్తితే నోరు విప్పడు. ఎవరో అడిగారని చెప్పు.

నీ తమ్ముడు,
నఫ్తాలి
(పోస్టరు మీద నీల్ ఫారో)


విన్నిపెగ్,
సెప్టెంబరు.

చిరంజీవి నఫ్తాలికి అక్క పెసియా ఆశీస్సులు.

ఎవరో అడిగారనే చెప్పాను. నాన్న కళ్లజోడు నుదుటి మీదికి తోసి, "ఆ ఎవరోకి ముక్కు కాస్త పొడుగా?" అన్నాడు. ఆయన దగ్గర నాటకాలాడే తెలివి నీకూ లేదు, నాకూ లేదు.

ముందు చాలాసేపు తిట్టాడు. అది రాయను. తర్వాత పండితుడు కదా, ప్రశ్న అడిగాక ఊరుకోలేడు. రాసుకో. ప్రధాన యాజకుడు మెడ దగ్గర చింపుకోడు. ఆయన చింపుకోవాల్సి వస్తే కింది అంచు దగ్గరే. పైనుంచి చింపుకునేది మనలాంటి మామూలు జనం. మనలో కూడా తోబుట్టువులో, భార్యో, బిడ్డలో పోతే కుడివైపు, బెత్తెడు చాలు. తల్లో తండ్రో పోతే మాత్రం ఎడమ వైపు, గుండె కనబడేదాకా. ఆ చిరుగు మళ్లీ సరిగ్గా కుట్టుకోకూడదు కూడా. ఇదంతా చెప్పి, "డబ్బుకి చింపుకునేవాడు ఏ వైపు చింపుకోవాలో ఏ పుస్తకంలోనూ లేదు. వాణ్ణే రాసుకోమను" అన్నాడు.

నేనూ ఒక మాట అంటాను, కోపం తెచ్చుకోకు. నువ్వు వడ్డీ వ్యాపారి వేసిన సినిమా ఇక్కడ ఆడినప్పుడు ఒలెనా క్రావ్‌చుక్ కొట్టుకొచ్చింది. పక్కింటావిడ, మంచు పడితే నా మెట్లు కూడా తనే ఊడుస్తుంది. దగ్గు మందు చేతిలో పట్టుకుని, "మీవాళ్లు యేసుకి అంత పని ఎందుకు చేశారమ్మా?" అంది. నిజంగా తెలుసుకోవాలనే అడిగింది పాపం. నేనేం చెప్పను? "ఆ గడ్డంవాడు మా తమ్ముడే, వాడికి చిన్నప్పుడు కోడిని చూస్తే భయం" అని చెప్పనా? చిల్లర ఇచ్చి పంపించాను. అడుసు తొక్కనేల, కాలు కడగనేల? ఈ వేషం వదిలేయరాదూ.

నాన్నకి దగ్గు. చలి ముందే వచ్చిందని డాక్టరు అంటున్నాడు.

అక్క


లాస్ ఏంజెలెస్,
అక్టోబరు మొదట్లో.

అక్కా,

నాన్న చెప్పింది చెప్పినట్టు హాల్వర్‌సన్‌కి అప్పజెప్పాను. శ్రద్ధగా విన్నాడు, పుస్తకంలో రాసుకున్నాడు, "అద్భుతం" అన్నాడు. తర్వాత, "కానీ కింది అంచు కుదరదు. కెమెరా నీ కాళ్ల దగ్గర పెట్టాలి. జనం నీ కాళ్లు చూడ్డానికి టిక్కెట్టు కొనరు" అన్నాడు. ఛాతీ కావాలట. అదీ ఎడమ వైపే, ఎందుకంటే యేసు ఆ పక్కన నిలబడతాడు, వెలుతురు ఆ పక్కనుంచి పడుతుంది. బట్టలావిడ మిసెస్ రూయిజ్ అంగీ ఎడమ పక్కన కుట్టు వదులు చేసి ఉంచేసింది కూడా. పట్టుకుని లాగితే చాలు, చర్రుమంటుంది.

నా చెయ్యి ఆడలేదక్కా. మూడుసార్లు రిహార్సలు చేశాం. మూడుసార్లూ నా చెయ్యి కుడివైపే పోయింది. అక్కడేమో గట్టి కుట్టు. నేను కొత్త కోడలు కొంగు సవరించుకున్నట్టు అక్కడే తడుముకుంటూ నిలబడ్డాను. లైట్లు పట్టుకునేవాళ్లు నవ్వారు. "ఏ వైపైతే ఏమిటి?" అన్నాడు హాల్వర్‌సన్. "మా నాన్న బతికున్నాడండీ" అన్నాను. ఆయనకేం అర్థమైందో గానీ, "సంతోషం, మా నాన్న కూడా బతికే ఉన్నాడు" అన్నాడు.

నవ్వకు. మనం ముట్టకూడని రొయ్యలు నేను తింటాను. సబ్బాతు విశ్రాంతి పూట కారు నడుపుతాను. చివరిసారి ప్రార్థనకి ఎప్పుడెళ్లానో నాకే గుర్తులేదు. అలాంటివాణ్ణి, తండ్రి బతికుండగా గుండె మీద గుడ్డ చింపమంటే పిల్లిలా వెనక్కి నక్కుతున్నాను. ఎందుకో నాకూ తెలీదు. మింగమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. ప్రస్తుతానికి ఆ సీను షూటింగు చివరికి నెట్టారు.

ఇంకో ముచ్చట. యేసు కుర్రాడు నన్ను పక్కకి పిలిచి, "రొట్టె విరిచేటప్పుడు ఆయన ఏమని ఆశీర్వాదం చెప్పి ఉంటాడు?" అని అడిగాడు. మన ఇంట్లో నాన్న చెప్పేదే నేర్పాను. రెండు రోజులు బాత్రూములో వల్లెవేసి చక్కగా చెప్పాడు. హాల్వర్‌సన్ కట్ అన్నాడు. "అందంగా ఉంది గానీ, ఆయన మరీ యూదుడిలా అనిపిస్తున్నాడు" అన్నాడు. ఎవరూ నవ్వలేదు. నేను కూడా నవ్వలేదు, జీతం తీసుకునేవాణ్ణి కదా.

నాన్న దగ్గు ఎలా ఉంది?

నఫ్తాలి


విన్నిపెగ్,
అక్టోబరు.

చిరంజీవి నఫ్తాలికి.

నీ ఉత్తరం అందింది. వెంటనే రాయలేకపోయాను. ఇల్లంతా మనుషులు, ఊపిరి తీసుకోవడానికి తీరిక లేదు. ఇప్పుడిప్పుడే పలచబడ్డారు.

ఇక్కడ మంచు మొదలైంది. మందిరంలో మన రబ్బీ గారు కొత్త పళ్లు కట్టించుకున్నారు. ప్రసంగం మధ్యలో టకటకమంటున్నాయి, ముందు వరసలో కూర్చున్న పిల్లలకి పండగే పండగ. ఒలెనా బుట్టెడు ఆపిల్ పళ్లు తెచ్చిచ్చింది. మా వంటింట్లో తన వంట చెల్లదని దానికి తెలుసు, అందుకని పళ్లే తెచ్చింది. కొట్టు వారం రోజులుగా పక్కవీధి అమ్మాయి చూస్తోంది.

నీ వేషం సంగతి ఆలోచించాను. వదులుకోకు. ఇన్నేళ్లు కష్టపడ్డావు. డైరెక్టరు ఎలా చెబితే అలా చెయ్యి. అది సినిమా, అంతే.

ఒంట్లో జాగ్రత్త. వేళకి తిను.

అక్క


లాస్ ఏంజెలెస్,
అక్టోబరు చివర.

అక్కా,

నీ ఉత్తరంలో రబ్బీ గారి పళ్లున్నాయి, ఒలెనా ఆపిల్ పళ్లున్నాయి. నాన్న లేడు.

నేనేం చిన్నపిల్లాణ్ణి కాదు, అర్థమైంది. నా కిందటి ఉత్తరం చదివి వినిపించి ఉంటావు. రొయ్యల సంగతి, కారు సంగతి విని ఆయన అగ్గిమీద గుగ్గిలమై ఉంటాడు. "వాడి పేరు ఈ ఇంట్లో ఎత్తొద్దు, నా సంగతి వాడికి రాయొద్దు" అని నీ చేత ఒట్టు వేయించుకున్నాడు. ఇల్లంతా మనుషులన్నావు, వాళ్లందరినీ పిలిచి పంచాయితీ పెట్టించాడా ఏం? ఎప్పుడూ "వదిలెయ్ వదిలెయ్" అనే నువ్వు ఉన్నట్టుండి వేషం చేసుకోమంటున్నావు. అంటే నా మీద ఆశ వదిలేసుకున్నారన్న మాట.

సరే, వినండి ఇద్దరూ. నిన్న హాల్వర్‌సన్ నన్ను కూర్చోబెట్టి మర్యాదగానే చెప్పాడు. వచ్చే వారం ఆఖర్లో ఆ సీను తీస్తారు. నేను ఎడమ వైపు చింపితే చింపినట్టు, లేకపోతే పాసడీనాలో కుస్తీలు పట్టేవాడొకడున్నాడట, వాడికి నా అంగీ సరిపోతుందట. ఇప్పటిదాకా తీసినవి కూడా వాడితో మళ్లీ తీస్తారు. నా పేరు పోస్టరు మీంచి పోతుంది.

చింపను. ముందైతే ఏదో భయం. ఇప్పుడు మరీ చింపను. నా మీద మనసు విరిగి అక్కడొక ముసలాయన మూల కూర్చుని దగ్గుతుంటే, ఇక్కడ నేను పదిమంది ముందు ఎడమ వైపు చింపుకుంటే, అది నా చేత్తో నేను ఆయన్ని పాతిపెట్టినట్టే కదా. వేషం పోతే పోనీ. పెట్టెలు మోసుకుని బతుకుతాను. ఈ మాట మాత్రం నాన్నకి చదివి వినిపించు. ఒట్టు వేసినా సరే.

నఫ్తాలి


విన్నిపెగ్,
నవంబరు మొదట్లో.
(విమానం టపా)

నఫ్తాలీ,

ఎడమ వైపే చింపు.

అక్టోబరులో మన పర్ణశాలల పండగ ముగిసిన మర్నాడు నాన్న పోయాడు. పొద్దున్నే లేచి, ముఖం కడుక్కుని, టీ తాగుతూ పోయాడు. పెద్దగా బాధ పడలేదు. మర్నాడు మధ్యాహ్నానికి పూడ్చాం, మనకి ఆపే ఆచారం లేదు కదా. నువ్వు ఆలోగా రాలేవు.

ఫోను తీశాను, రెండుసార్లు. నెంబరు కూడా చెప్పాను ఆపరేటరుకి. తర్వాత పెట్టేశాను. నేనొక లెక్క వేసుకున్నాను, మంచిదో చెడ్డదో నువ్వే అను. తండ్రి పోయిన వార్త నెల లోపు తెలిస్తే కొడుకు ఏడు రోజులూ నేల మీద కూర్చోవాలి, పని ముట్టకూడదు. నెల దాటాక తెలిస్తే ఒక్క గంట చాలు. ఆ ఒక్క గంట నీ సినిమాకి అడ్డం రాదు కదా అనుకున్నాను. అలా అనుకుని ఊరుకుంటే రోజూ నిద్ర పట్టలేదు. ఆయనకి కొడుకువి నువ్వొక్కడివే. పోయిన తండ్రి కోసం రోజూ కద్దిష్ ప్రార్థన చదవాల్సినవాడు అక్కడ గడ్డం అతికించుకుని తిరుగుతుంటే, ఇక్కడ సమాజమందిరంలో కసాయి మేయిర్ జాలిపడి చదువుతున్నాడు. ఏం చెయ్యాలో తోచలేదు. నీ ఉత్తరం వచ్చింది. పోయిన మనిషి కోసం అన్నం కాలదన్నుకుంటున్నావని తెలిశాక దాచడం నా వల్ల కాలేదు.

ఊళ్లోవాళ్లందరి కాలర్లకీ నాన్నే కత్తి పెట్టాడు. ఆయనే పెట్టెలో ఉన్నప్పుడు నా కాలరుకి కత్తి పెట్టడానికి ఎవరికీ చెయ్యి రాలేదు. రబ్బీ గారు మేయిర్ వైపు చూశారు, మేయిర్ రబ్బీ గారి వైపు చూశాడు. చివరికి మేయిరే పెట్టాడు. రోజుకి వంద కోళ్లు కోసేవాడు, గోరంత గాటు పెట్టి కత్తి మూసేశాడు.

ఇంకో మాట కూడా దాచాను. నీ రొయ్యల ఉత్తరం నిజంగానే చదివి వినిపించాను, పండగ మధ్యలో. నువ్వనుకున్నట్టు మండిపడలేదు. "రొయ్యలు తిన్నాడు గానీ ఎడమ వైపు చింపలేదంటావా?" అన్నాడు. ఆ ముక్క మళ్లీ చదవమన్నాడు. చదివాను. "మొద్దు వెధవ" అన్నాడు. ఆయన నోటి నుంచి ఆ మాట ఎవరికి వస్తుందో నీకు తెలుసు. నాకూ అమ్మకీ తప్ప ఎవరికీ రాలేదు. సినిమా చూస్తానని మాత్రం అనలేదు, నేను కల్పించి చెప్పను.

అరువు బట్ట చింపితే చెల్లదు, గుర్తుంచుకో. కంపెనీ వాళ్ల అంగీ నీ సొంతం కాదు.

నీకు చెప్పనందుకు తిట్టాలనుంటే తిట్టు. పడతాను.

పెసియా


లాస్ ఏంజెలెస్,
నవంబరు చివర.

అక్కా,

తిట్టను. ఆ లెక్క నేనైనా అలాగే వేసి ఉండేవాణ్ణి. రెండు రోజులు మాత్రం కోపం వచ్చింది, నీ మీదో ఎవరి మీదో తెలీదు.

ఆ సీను చేశాను. ఒక్క టేకులో అయిపోయింది. అంగీ లోపల నా తెల్ల చొక్కా వేసుకున్నాను, రెండూ కలిపి లాగాను. మిసెస్ రూయిజ్ వదులు చేసిన కుట్టు దాటి ఇంకో జానెడు చిరిగింది. హాల్వర్‌సన్ పరిగెత్తుకొచ్చి కావలించుకున్నాడు. "ఇంత ద్వేషం నేను ఏ మొహంలోనూ చూడలేదు. ఎక్కణ్ణుంచి తెచ్చావయ్యా?" అన్నాడు. ఇంటి దగ్గర్నుంచి తెప్పించానన్నాను. సీన్లో నా మాటలు సరిగ్గా వినపడలేదని, మాటల రికార్డింగు ఇంకో రోజు పెట్టారు, వెళ్లి చెప్పొచ్చాను. "వీడు మరణానికి పాత్రుడు" వగైరా.

ఏడు రోజులూ కూర్చున్నాను. హాల్వర్‌సన్‌కి చెబితే గొణిగాడు గానీ వదిలాడు. ఇక మిగిలినవి శిలువ సీన్లే. వాటిలో యాజకుడు వెనక్కి తిరిగి నిలబడి భుజాలు ఎగరేస్తూ నవ్వాలి. వీపే కదా అని పాసడీనా కుస్తీవాణ్ణి నిలబెట్టారు. నువ్వు ఎప్పుడైనా చూస్తే తెలుసుకో, ఆ నవ్వే వీపు నాది కాదు. నేనప్పుడు నాన్న కోసం నేల మీద కూర్చుని ఉన్నాను.

పలకరించడానికి ఎవరొస్తారులే అనుకున్నాను. యేసు కుర్రాడు వచ్చాడు, షూటింగు నుంచి నేరుగా, గడ్డమూ జుట్టూ తీయకుండానే. పంది మాంసం సాండ్‌విచ్ తెచ్చాడు. నా మొహం చూసి అర్థమై, దాన్ని మళ్లీ సంచిలో దాచేసి, కిందకెళ్లి ఉడికించిన గుడ్లు కొనుక్కొచ్చాడు. చావింట గుడ్లే పెడతారని వాడికెవరు చెప్పారో! గంటసేపు నా పక్కన నేల మీద కూర్చున్నాడు. మా ఇంటి ఓనరమ్మ అద్దె అడగడానికి తలుపు తీసి, మమ్మల్నిద్దర్నీ చూసి, సిలువ గుర్తు వేసుకుని వెళ్లిపోయింది.

రోజూ పొద్దున్నే ఫెయిర్‌ఫాక్స్ వీధి సమాజమందిరానికి వెళ్లి కద్దిష్ చదువుతున్నాను. ముసలివాళ్లు ఏం పని చేస్తావని అడిగారు. బట్టల వ్యాపారమన్నాను.

నఫ్తాలి


విన్నిపెగ్,
ఏప్రిల్.

చిరంజీవి నఫ్తాలికి అక్క ఆశీస్సులు.

నీ సినిమా చూశాను. తండ్రి పోయిన ఏడాది వినోదాలకి పోకూడదు కదా, అందుకని ముందు రబ్బీ గారిని అడిగాను. ఏ సినిమా అన్నారు. చెప్పాను. "అది నీకు వినోదమా?" అన్నారు. "కాదండీ" అన్నాను. "అయితే ఇబ్బంది లేదు, వెళ్లు" అన్నారు.

ఒలెనాతో వెళ్లాను. వాళ్ల చర్చి ఆడవాళ్లు, మగవాళ్లు, ఫాదరుతో సహా నాలుగు వరసలు కొనేశారు. ఆ మధ్యలో నేనొక్కదాన్ని. అందరూ ఇళ్ల నుంచి పొద్దుతిరుగుడు గింజలు తెచ్చుకున్నారు. నీ కోడిమాంసం బోర్డు కనిపించగానే నాకు నవ్వాగలేదు. ఒలెనా మోచేత్తో పొడిచింది, "ఇక్కడ నవ్వకూడదమ్మా, దేవుడి గుడి" అంది.

మొత్తం మీద నువ్వు రాసినట్టే ఉంది. కుచ్చులున్నవాళ్లంతా కుళ్లుబోతులు, లేనివాళ్లంతా దేవుడి బిడ్డలు. నువ్వు తెర మీదికి వచ్చినప్పుడల్లా నా వెనక ఒకావిడ నాలుక చప్పరించింది. ఒలెనా అయితే, "ఎంత పాపిష్టి కళ్లు!" అని, వెంటనే నా చెయ్యి నిమిరి, "నిన్ను కాదు" అంది. ఈసారి ఊరుకోలేదు. "వాడు మా తమ్ముడే" అన్నాను. నేను వేళాకోళం ఆడుతున్నాననుకుంది.

తర్వాత ఆ సీను వచ్చింది. నువ్వు లేచి నిలబడ్డావు. హాలంతా నీ గొంతు వినిపిస్తోంది, "దైవదూషణ! వీడు మరణానికి పాత్రుడు!" అని. వెనకావిడ బుస కొట్టింది. నేను మాత్రం నీ నోటి వంక చూస్తున్నాను. నీ నోరు ఆ మాటలు అనడం లేదు నఫ్తాలీ.

నువ్వన్నది నాన్న పోయినప్పుడు నేను కూడా అన్న మాటే, నా పెదవులకి తెలుసు. చిరుగుకి ముందు మనం చెప్పాల్సిన మాట. "ప్రభువా, మా దేవా, విశ్వానికి రాజా, సత్యమైన న్యాయాధిపతీ, నీకు స్తోత్రం." మొదటి మాట నుంచి చివరి మాట దాకా చెప్పావు, ఒక్కటీ మింగలేదు. చివరి మాట అయ్యాకే చెయ్యి పైకి లేచింది. చింపావు. రెండు వేల ఏళ్లనాటి యాజకుడి ఛాతీ మీద తెల్ల చొక్కా గుండీ ఒకటి తళుక్కున మెరిసి పోయింది. ఆ స్తోత్రం సంగతి నాకు రాయలేదు నువ్వు. ఒక్క టేకులో అయిపోయిందన్నావు, అంతే. దాని మీద ఆ దరిద్రపు మాటలు నీ గొంతుతోనే కప్పించారు. నువ్వెళ్లి చెప్పొచ్చావు.

నాకు ఏడుపు ఆగలేదు. ఒలెనా కూడా ఏడుస్తోంది. దాని ఏడుపు యేసు కోసం.

నాన్న చెబుతుండేవాడు, పూర్వం అలెగ్జాండ్రియాలో ఒక సమాజమందిరం ఉండేదట. ఎంత పెద్దదంటే, ముందు నిలబడి చదివేవాడి గొంతు వెనకవాళ్లకి చేరేది కాదట. అందుకని మధ్యలో ఒకడు జెండా ఊపేవాడు. అది చూసి, మాట వినబడకపోయినా, అందరూ ఆమెన్ అనేవాళ్లు. అది చెల్లుతుందని పెద్దలు రాశారు. సినిమాకి చెల్లుతుందో లేదో నేను రబ్బీ గారిని అడగలేదు, అడగను కూడా. నీ నోరు ఆగగానే "ఆమెన్" అన్నాను. మెల్లిగా అందామనుకున్నాను గానీ గట్టిగానే వచ్చింది.

ఒలెనా నా వంక చూసి, నేను వాళ్ల మతంలోకి మారిపోయాననుకుందో ఏమో, సిలువ గుర్తు వేసుకుని తనూ "ఆమెన్" అంది. దాని పక్కావిడ అంది. ఫాదరు అన్నాడు. ఆయన అన్నాక ఊరుకుంటారా, నాలుగు వరసలూ అన్నాయి. నోట్లో గింజలున్నవాళ్లు కూడా అన్నారు. నిన్ను చూసి అప్పటిదాకా బుస కొట్టిన వెనకావిడ అందరికంటే గట్టిగా అంది.

అలా జరిగింది. నాన్న చావుకి ఇక్కడ పదిహేను మంది వచ్చారు, అదీ మంచులో. సినిమా హాల్లో నాలుగు వరసల జనం నువ్వు చెప్పినదానికి ఆమెన్ అన్నారు, ఎందుకన్నారో వాళ్లకి తెలీదు. ఆయన ఉంటే ఏమనేవాడో నేను కల్పించి చెప్పను. మొద్దు వెధవలు అనేవాడు.

అక్క
పెసియా